పాత పత్రాల మీది సంవత్సరాన్ని క్రీస్తుశకంలోకి మార్చడం ఎలా?

చెన్నై తెలుగు ఇళ్లలో దొరికే పాత దస్తావేజుల్లో, పుస్తకాల్లో, శాసనాల నకళ్లలో సంవత్సరం ఒక్కోచోట ఒక్కో లెక్కలో ఉంటుంది. దాన్ని క్రీస్తుశకంలోకి తెచ్చేటప్పుడు ఎక్కువగా తేడా వచ్చేది ఒక్క ఏడాదే. ఆ లెక్కలో ఏడాది ఏ రోజున మొదలవుతుందో చూసుకోకపోతే అలా జరుగుతుంది. అందుకని ముందు నెల చూడండి, ఆ తర్వాతే కూడండి.

శాలివాహన శకానికి 78 కలపాలి. ఇది ఉగాది నుంచి డిసెంబరు 31 దాకానే. జనవరి 1 నుంచి మళ్లీ ఉగాది వరకు 79 కలపాలి. శక 1431 శుక్ల సంవత్సరం మాఘమాసం అంటే 1510 జనవరి–ఫిబ్రవరి. 1509 అని రాస్తే తప్పు. పుష్యమాసం సాధారణంగా డిసెంబరు, జనవరి రెంటిలోనూ పడుతుంది కాబట్టి అక్కడ తిథి చూడందే తేల్చకండి.

లెక్క సరిపోయిందో లేదో సంవత్సరం పేరే చెబుతుంది. శకానికి 12 కలిపి 60తో భాగించండి. 1431కి 12 కలిపితే 1443, శేషం 3: ప్రభవ, విభవ, శుక్ల. శేషం సున్నా అయితే అక్షయ. పత్రంలో ఉన్న పేరు మీకు వచ్చినదానికంటే ఒకటి వెనక ఉంటే, రాసినవారు గడిచిన ఏళ్లు కాక నడుస్తున్న ఏడాదిని లెక్కపెట్టి ఉండవచ్చు. అప్పుడు అంకెలో ఒకటి తగ్గించి, పేరునే నమ్మండి. పేరు అంత విలువైన సాక్ష్యం.

తమిళ పత్రాల్లోనూ ఇవే అరవై పేర్లు, కానీ ఏడాది చిత్తిరై నెల ఒకటిన మారుతుంది. 2025 మార్చి 30న మనకు విశ్వావసు వచ్చింది. తమిళ లెక్కలో ఏప్రిల్ 13 దాకా క్రోధే.

భూమి పత్రాల్లో ఫసలీ (భూమిశిస్తు లెక్కల ఏడాది) ఉంటుంది. మద్రాసు ఫసలీ జులై 1న మొదలవుతుంది: జులై–డిసెంబరుకు 590, జనవరి–జూన్‌కు 591 కలపండి. ఫసలీ 1434 అంటే 2024 జులై నుంచి 2025 జూన్ వరకు. నిజాం రాజ్యపు ఫసలీ మొదలయ్యే తేదీ వేరు, దానికి ఈ లెక్క వాడకండి.

సెయింట్ జార్జి కోట ఇంగ్లీషు రికార్డుల్లోనూ ఇదే చిక్కు. 1752కు ముందు ఇంగ్లండులో కొత్త ఏడాది మార్చి 25న వచ్చేది. ఫిబ్రవరి 1680/81 అని కనిపిస్తే మన లెక్కలో 1681.

నెల తెలియకపోతే ఒకే ఏడాదిని ఊహించి వేయకండి. శక 1431 (క్రీ.శ. 1509–10) అని మూలంలోని అంకెతో కలిపి రాయండి.