సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలో: ఒక రోజంతా తీరికగా నీటి మీద గడపడం ఎలా?

నల్లగొండ జిల్లాకు సముద్రం లేదు. ఎక్కడో పచ్చని దీవుల మధ్య, పెద్ద ఓడ పైఅంతస్తులో వాలుకుర్చీ వేసుకుని నీళ్ళు చూస్తూ పడుకున్న వాళ్ళ ఫోటోలు ఫోనులో వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పుకు మందు నల్లగొండకు అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. నాగార్జునసాగర్ హిల్ కాలనీ దగ్గర లాంచీ ఎక్కితే, కృష్ణకు ఎదురు వెళ్ళి శ్రీశైలం ఆనకట్ట దిగువన లింగాలగట్టులో దిగుతాం. ఐదారు గంటలు పడుతుంది. కారులో ఇంతకంటే ముందే చేరవచ్చు. ఆ మాట గుర్తొచ్చి మనసు పీకేవాళ్ళు కారులోనే వెళ్ళడం మంచిది.

ముందు నీటిమట్టం చూడండి

రైలుకు సమయపట్టిక ఎలాగో ఈ లాంచీకి జలాశయం మట్టం అలాగ. కృష్ణ మన ఊరి వానలతో నిండేది కాదు. పడమటి కనుమల్లో కురిసిన నీరు ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటి వచ్చాకే సాగర్ వంతు వస్తుంది. ఇక్కడ పూర్తి మట్టం 590 అడుగులు. దానికి దగ్గరగా ఉన్నంతకాలం లాంచీకి ఢోకా లేదు. బాగా తగ్గిందంటే ఎగువన రాళ్ళు తేలి లింగాలగట్టు దాకా పోవడం కుదరదు. కాబట్టి నీరు వచ్చే నెలల్లో పత్రిక రాగానే మా ఇంట్లో రాశిఫలాల కంటే ముందు జలాశయాల పట్టిక చదువుతాం.

నిండటం ఒక్కటే చాలదు, నది నెమ్మదించాలి కూడా. 26 గేట్లు ఎత్తినప్పుడు చూడటానికి తప్పక వెళ్ళండి, కాని గట్టు మీద నిలబడి చూసి రండి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ ఎలా మునిగిందో ఎవరూ మరచిపోలేదు. వరద తగ్గి, ఎండ ఇంకా ముదరని నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అందులోనూ కార్తీక సోమవారాలు, శివరాత్రి తప్పించండి. ఆ రోజుల్లో శ్రీశైలంలో కాలు పెట్టడానికి చోటుండదు, తీరిక సంగతి దేవుడెరుగు.

టికెట్టు తీసుకునే ముందు అడగవలసినవి

తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ ఈ లాంచీని నడుపుతుంది. ఫోను చేసి నాలుగు సంగతులు తేల్చుకోండి: ఆ రోజు లాంచీ నిజంగా బయలుదేరుతుందా, తగినంత మంది రాకపోతే రద్దు చేస్తారా, భోజనం టికెట్టులో కలిసి ఉందా, తిరుగు ప్రయాణం ఎలా. చివరిదాన్ని చాలామంది మరచిపోతారు. లింగాలగట్టులో దిగి, దర్శనం చేసుకుని, అదే రాత్రి ఇల్లు చేరాలనుకుంటే చిక్కే. తిరుగు దారిలో మన్ననూరు దగ్గర అడవి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసి ఉంటుంది. శ్రీశైలంలో ఒక రాత్రికి గది ముందే చూసుకోండి.

పాలమూరు వైపు వాళ్ళకు ఇంకో దారి ఉంది. కొల్లాపూర్ దాటాక సోమశిల రేవు నుంచి కూడా శ్రీశైలానికి లాంచీ నడుస్తుంది. అది ఆనకట్టకు ఎగువన ఉన్న నీరు, కాబట్టి అక్కడ చూడవలసిన లెక్క శ్రీశైలం మట్టం, పూర్తిగా నిండితే 885 అడుగులు.

సద్ది మూట

లాంచీలో భోజనం పెట్టినా సద్ది కట్టుకునే వెళ్ళండి. నీటి గాలికి ఆకలి రెండింతలవుతుంది. పొడిగా, చేత్తో తినేవే మేలు: సకినాలు, సర్వపిండి, జొన్నరొట్టెలో చుట్టిన పల్లీల పొడి. పులుసు గిన్నెలు వద్దు. ఒకసారి మా పెద్దమ్మ పట్టుబట్టి తెచ్చిన పప్పుచారు పక్కవాళ్ళ చాప మీద ఎంత దూరం పారిందో ఇప్పటికీ చెప్పుకుంటాం. మన జిల్లా బత్తాయిలు అరడజను వేసుకోండి, దాహానికీ కాలక్షేపానికీ పనికొస్తాయి. తొక్కలు, ప్లాస్టిక్ సంచులు నీళ్ళలో వేయకండి. మనం తాగేది ఆ నీళ్ళే.

నీటి మీద ఎండ రెండు వైపుల నుంచి తగులుతుంది, పైనుంచి ఒకసారి, అలల మీద మెరిసి ఇంకోసారి. కండువా, టోపీ తప్పనిసరి. డిసెంబరులో పొద్దున చలి కూడా ఉంటుంది కనుక శాలువా ఒకటి పైన ఉంచుకోండి.

కుడివైపు కూర్చోండి

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. మొదటిసారి నేను ఎడమవైపు కిటికీ పట్టుకుని, ఏదో సాధించినట్టు మురిసిపోయి, మధ్యాహ్నానికి ఒక చెంప మాత్రం కందిపోయి దిగాను. కారణం ఇంటికొచ్చి పటం చూస్తే తెలిసింది. వంకరలు ఎన్ని తిరిగినా మొత్తం మీద లాంచీ నైరుతికి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపుకు ఒరిగి నడుస్తాడు. అందుకే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండంతా ఎడమవైపే పడుతుంది.

ఇందులో చిన్న తిరకాసు ఉంది. నది గట్లను ప్రవాహం పోయే దిశకు చూస్తూ లెక్కపెడతారు. తెలంగాణది ఎడమగట్టు, మన పొలాలకు వచ్చేది ఎడమ కాలువ. మనం ఎదురు వెళుతున్నాం కాబట్టి ఆ ఎడమగట్టు మన కుడిచేతికి వస్తుంది. అమ్రాబాద్ పులుల అడవి కూడా ఆ వైపే.

బయలుదేరే ముందు లైఫ్ జాకెట్ తొడుక్కోండి, పిల్లలకు సరైన కొలతదే అడిగి తీసుకోండి. ఏదైనా కనిపించిందని అందరూ ఒకే పక్కకు ఉరకకూడదు, లాంచీ ఒరుగుతుంది.

ఇక ఏమీ చేయకుండా ఉండటం

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. మొదటి అరగంట అందరూ ఫోటోలు తీస్తారు. మీరూ తీయండి, తీరిపోతుంది. ఆనకట్ట వెనకబడుతుంటే చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఆ మధ్య కాలంలో రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ అది.

తర్వాత మీ కింద ఏముందో తలచుకోండి. ఈ నీటి అడుగున, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. జలాశయం నిండేలోగా 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వారు. దొరికిన కట్టడాల్లో కొన్నింటిని రాళ్ళు విప్పి కొండ మీద మళ్ళీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పటి నాగార్జునకొండ దీవి. దాని మ్యూజియానికి వేరే రోజు కేటాయించండి, శుక్రవారం మాత్రం వద్దు, సెలవు. ఏలేశ్వరం అనే పాత ఊరు కూడా ఇలాగే మునిగింది.

ఆ తర్వాత రెండు వైపులా నల్లమల దగ్గరకు జరుగుతుంది, ఫోనులో సిగ్నల్ పోతుంది. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే కంగారు పడతారు. ఇక్కడ కళ్ళకు కొంత సమయం ఇవ్వాలి. మొదట అంతా ఒకే పచ్చదనం. కాసేపటికి మోడు మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి, గట్టు రాయి మీద లకుముకిపిట్ట, పుట్టిలో ఒంటరిగా వల లాగే మనిషి విడివిడిగా కనిపిస్తారు. ఎండ పొడ పడే ఒడ్డున దుంగలా కనిపించేది దుంగే అనుకోకండి, ఈ నీళ్ళలో మొసళ్ళున్నాయి. చేతులు లోపల పెట్టుకోండి.

భోజనం తర్వాత కునుకు వస్తుంది. ఆపుకోవద్దు. నేను ప్రతిసారీ రెండు పుస్తకాలు తీసుకెళతాను, ప్రతిసారీ ఒకటి తలకింద, ఒకటి సంచిలో. మైకులో పాటలు మరీ హోరెత్తితే సిబ్బందికి మర్యాదగా ఒక మాట చెప్పండి, తగ్గిస్తారు. పిల్లలు విసుక్కుంటే అంత్యాక్షరి ఆడించండి, అరగంటలో పక్క కుటుంబం కూడా చేరుతుంది.

లింగాలగట్టులో

ఆనకట్ట గోడ కనిపించగానే సంచులు భుజాన వేసుకుని అందరూ లేస్తారు. మీరు లేవకండి. రేవు ఎక్కడికీ పోదు, ఖాళీ అయ్యాక దిగితే మోకాళ్ళకూ మంచిది. గట్టెక్కగానే చేపల వేపుడు వాసన తగులుతుంది, ఈ రేవు దానికి పేరుపొందింది. గుడి ఉన్నది ఘాట్ రోడ్డు పైన. దర్శనం ముందా, చేపలు ముందా అన్నది ఇంట్లోనే తేల్చుకుని రండి. మా పెదనాన్నా పెద్దమ్మా ఆ రేవులో నిలబడి దాని మీద వాదించుకుంటుండగానే, పైకి వెళ్ళే జీపు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది.