మొదటి మెకానికల్ కీబోర్డు ఎలా ఎంచుకోవాలి? మనకు తగ్గట్టు ఎలా మార్చుకోవాలి?

మామూలు కీబోర్డులో కీలన్నిటి కింద ఒకటే రబ్బరు పొర ఉంటుంది. మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కిందా స్ప్రింగు ఉన్న విడి స్విచ్ ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు లైట్లు, రంగులు చూసి మోజు పడతారు. కానీ కొన్న తర్వాత మార్చుకోలేనివి ముఖ్యంగా రెండు: సైజు, హాట్‌స్వాప్ (స్విచ్‌లు ఊడదీసి మార్చుకునే) సదుపాయం. అందుకే ముందు ఈ రెండూ తేల్చుకోండి.

1. సైజు

ఫుల్ సైజులో 104 కీలుంటాయి. కుడివైపు అంకెల ప్యాడ్ తీసేస్తే 87 కీల టీకేఎల్ (టెన్‌కీలెస్). ఇంకా దగ్గరగా సర్దితే 75 శాతం, 65 శాతం, 60 శాతం వస్తాయి. లెక్కల పని చేసేవాళ్లకు ఫుల్ సైజే మంచిది.

తెలుగు టైపు చేసేవాళ్లు ఇక్కడ ఒక సంగతి చూసుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) పద్ధతిలో 'ఒ' అక్షరం, దాని గుణింతం గుర్తు రెండూ అంకె 1కి ఎడమ పక్కనున్న కీ మీదే ఉంటాయి. 60 శాతం బోర్డుల్లో, చాలా 65 శాతం బోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ కీ ఉంటుంది. అప్పుడు 'కొ', 'పొ' రాయాలన్న ప్రతిసారీ ఎఫ్ఎన్ కీ కూడా నొక్కాలి. రోజూ తెలుగు రాసేవాళ్లకు అది నరకం. 75 శాతం గానీ టీకేఎల్ గానీ తీసుకోండి. తెలుగు కోసం వేరే కీబోర్డు అక్కర్లేదు, భాష సంగతి కంప్యూటరే చూసుకుంటుంది.

2. హాట్‌స్వాప్

ఇది ఉంటే సాల్డరింగ్ లేకుండా స్విచ్‌లు ఊడదీసి వేరేవి పెట్టుకోవచ్చు. 5 పిన్నుల స్విచ్‌లు పట్టేదైతే మేలు. బోర్డు 3 పిన్నులదైతే, 5 పిన్నుల స్విచ్‌కి అదనంగా ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్లు కత్తిరించాలి.

3. స్విచ్

ఎరుపు రకం లీనియర్: అడ్డు లేకుండా కిందికి జారుతుంది. గోధుమ రకం టాక్టైల్: మధ్యలో చిన్న గతుకు వేలికి తెలుస్తుంది. నీలం రకం క్లిక్కీ: టిక్కుమంటుంది, ఆఫీసుకు, పిల్లలు నిద్రపోయే గదికి వద్దు. చెర్రీ కంపెనీ రెడ్ స్విచ్ 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది, మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. వేళ్లు కీల మీద ఆనించి ఉంచే అలవాటున్నవాళ్లకు ఎరుపుతో పొరపాటు అక్షరాలు పడతాయి. ఎక్కువగా రాసేవాళ్లకు నా ఓటు గోధుమకే.

స్విచ్ మార్చేటప్పుడు పుల్లర్‌తో (స్విచ్ పట్టి లాగే చిన్న పనిముట్టు) పైన, కింద ఉన్న క్లిప్పులు నొక్కి నిటారుగా లాగండి. కొత్తది పెట్టే ముందు పిన్నులు తిన్నగా ఉన్నాయో లేదో చూడండి. కీ పనిచేయకపోతే చాలాసార్లు పిన్ను వంగి ఉంటుంది. పట్టకారుతో మెల్లగా సరిచేస్తే చాలు.

4. స్టెబిలైజర్లకు గ్రీజు

ఒకటే మార్పు చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. స్పేస్ బార్, షిఫ్ట్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ కింద కీని సమంగా దించే తీగలుంటాయి, అవే స్టెబిలైజర్లు. గడగడలాడే శబ్దం వాటిదే. ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ, థ, ధ, భ లాంటివి, అచ్చులు షిఫ్ట్‌తోనే పడతాయి కాబట్టి ఆ శబ్దం మనకు మరీ ఎక్కువ వినిపిస్తుంది. కీబోర్డు వైరు తీసేసి, కీక్యాప్ (కీ మీది ప్లాస్టిక్ తొడుగు) ఊడదీసి, తీగ కొసలు ప్లాస్టిక్‌లోకి దూరే చోట సన్నటి బ్రష్‌తో డైఎలెక్ట్రిక్ గ్రీజు గానీ క్రైటాక్స్ 205జీ0 గానీ కొంచెం రాయండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వద్దు, పల్చగా ఉండి కారిపోతాయి. డబ్ల్యూడీ-40 అసలే వద్దు.

5. కీక్యాప్‌లు

ఏబీఎస్ ప్లాస్టిక్ కొన్నాళ్లకు జిడ్డుగా మెరుస్తుంది, పీబీటీ ఎక్కువకాలం గరుకుగానే ఉంటుంది. 75 శాతం బోర్డులో కుడి షిఫ్ట్ మామూలుకన్నా పొట్టిగా ఉంటుంది. కొనే సెట్‌లో ఆ సైజు క్యాప్ ఉందో లేదో చూసుకోండి.

6. కీల పని మార్చడం

వయా సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే బోర్డు అయితే క్రోమ్ బ్రౌజర్‌లోనే ఏ కీ ఏం చేయాలో మార్చుకోవచ్చు. క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చి చూడండి, కాపీ పేస్టుకి చిటికెన వేలు అంత దూరం సాగక్కర్లేదు. ఈ మార్పులు కీబోర్డులోనే నిలిచి ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వని ఆఫీసు కంప్యూటర్‌కి తగిలించినా అలాగే పనిచేస్తాయి.