పాత కార్ల ఈసీఎం చిప్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఫైల్‌లో టైమింగ్ మ్యాప్‌ని పట్టుకోవడం

పోయిన పాఠంలో ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) డబ్బా విప్పి, బోర్డు మీద 27సి256 అని రాసున్న 28 కాళ్ల చిప్‌ని సాకెట్‌లోంచి కాళ్లు వంకర పోకుండా తీయడం దాకా వచ్చాం. ఇవాళ దాన్ని ప్రోగ్రామర్‌లో (చిప్‌లో ఉన్నది కంప్యూటర్‌లోకి చదివే పరికరం) పెట్టి చదువుతాం, చదివిన ఫైల్‌లో ఇగ్నిషన్ టైమింగ్ మ్యాప్, అంటే ఏ ఆర్‌పీఎంలో, ఎంత భారం మీద స్పార్క్ ఎంత ముందు ఇవ్వాలో రాసిన పట్టిక, ఎక్కడుందో వెతుకుతాం, ఒక్క నంబర్ కూడా మార్చం. ఇంకా ఎప్పుడండీ పికప్ పెంచేది అని అడుగుతున్నారు, తప్పకుండా పెంచుదాం, కానీ లోపల ఉన్న అంకె ఎందుకు అలా ఉందో తెలియకుండా మారిస్తే అది ట్యూనింగ్ కాదండి, పిస్టన్‌తో పందెం.

ముందు చిప్ గురించి రెండు ముక్కలు. 256 అంటే 256 కిలోబిట్లు, అంటే 32 కేబీ, ఖచ్చితంగా 32,768 బైట్లు. ఒక్కో బైట్‌ని పిలవడానికి 15 అడ్రస్ కాళ్లు (ఏ0 నుంచి ఏ14), జవాబు బయటికి రావడానికి 8 డేటా కాళ్లు (డీ0 నుంచి డీ7), 14వ కాలు గ్రౌండ్, 28వది 5 వోల్టులు. ఈ పిన్ లెక్క నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుని పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మన కోనసీమ, భీమవరం వైపు పాత కార్లలో నేను ఎక్కువగా చూసేది కాళ్ల మీద నల్లటి పొర. ఏడాది పొడుగునా గాలిలో తేమ, అంతర్వేది, యానాం వైపైతే ఉప్పుగాలి కూడా, పైగా వరద నీళ్లలో ఒకసారి నానిన బండైతే చెప్పక్కర్లేదు. చిప్ తీయగానే ప్రోగ్రామర్‌లో పెట్టేయకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో కాళ్లు రెండు వైపులా తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు పెట్టండి. చిప్ తలమీద గంటు ఉంటుంది కదా, అది ప్రోగ్రామర్ సాకెట్ మీద గీసిన బొమ్మ ఎటు ఉందో అటే ఉండాలి, తిరగేసి పెట్టి కరెంట్ ఇస్తే చిప్ పోతుంది, మళ్లీ అదే చిప్ దొరకాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. కొన్ని చిప్‌లకి మధ్యలో గాజు కిటికీ ఉండి దానిమీద స్టిక్కర్ ఉంటుంది, ఆ స్టిక్కర్ పీకొద్దు. ఆ కిటికీలోంచి అల్ట్రావయొలెట్ వెలుతురు పడితేనే చిప్ చెరుగుతుంది, నేరుగా ఎండలో పెడితే వారం రోజుల్లో ఖాళీ అయిపోవచ్చని తయారీదారుల డేటాషీట్లలోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు చదవడం. టీఎల్866 లాంటి ప్రోగ్రామర్ చాలు. సాఫ్ట్‌వేర్‌లో చిప్ మీద ఉన్న కంపెనీ పేరు, నంబర్ చూసి అదే ఎంచుకోండి, దగ్గర్లో ఉంది కదా అని వేరేది వద్దు, ఎందుకంటే కొన్ని సెట్టింగుల్లో చిప్ గుర్తింపు చదవడానికి ఏ9 కాలికి 12 వోల్టుల దాకా ఇస్తుంది, అది తట్టుకోని చిప్ అయితే నష్టం. రీడ్ నొక్కండి, ఫైల్ సేవ్ చేయండి. చిప్ బయటికి తీసి మళ్లీ పెట్టి ఇంకోసారి, అలా మూడు ఫైళ్లు. మూడూ బైట్‌కి బైట్ సరిపోవాలి, ఒక్క చోట తేడా వచ్చినా ఆ ఫైల్‌ని నమ్మొద్దు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, మూడూ ఒకేలా ఉన్నాయి కదా బాగా చదివింది అనుకుంటారు. కానీ ఒక కాలు అసలు తగలకపోతే మూడుసార్లూ ఒకేలా తప్పు రావచ్చండి. దాన్ని పట్టుకోవడం ఎలాగో చెప్తా, ఈ పాఠంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఫైల్ అంతా ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్ అని (హెక్స్‌లో, అంటే 0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్ దాకా వాడే 16 అంకెల లెక్కలో, బైట్‌కి అతి పెద్ద విలువ) వస్తే చిప్ ఖాళీది అయ్యుండాలి లేదా కాంటాక్ట్ లేదు, కారులో మొన్నటిదాకా పనిచేసిన చిప్ ఖాళీగా ఉండదు కాబట్టి కాంటాక్టే. ఫైల్ మొదటి సగం, రెండో సగం అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే ఏ14, అంటే 27వ కాలిని అనుమానించండి. పక్కపక్క బైట్లు జంటలు జంటలుగా ఒకే అంకెతో వస్తుంటే ఏ0, అంటే 10వ కాలు. ఫైల్ మొత్తంలో 80 గానీ అంతకన్నా పెద్దది గానీ హెక్స్ అంకె ఒక్కటి కూడా లేకపోతే డీ7, అంటే 19వ కాలు సున్నా దగ్గర ఇరుక్కుంది. ఇలా చెడిపోయిన ఫైల్ చూసి ఏ కాలు తగల్లేదో చెప్పగలిగితే మీకు చిప్ అర్థమైనట్టే, ఇది ఏ సాఫ్ట్‌వేరూ మీకోసం చేసిపెట్టదు.

సరే, మంచి ఫైల్ వచ్చింది. అసలు ఫైల్‌ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి దాచండి, పని అంతా కాపీ మీదే.

హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌లోని బైట్లని హెక్స్ అంకెలుగా చూపించే సాఫ్ట్‌వేర్) తెరవండి. మొదట్లో అంతా చెత్తలా కనిపిస్తుంది, అది చాలావరకు ప్రోగ్రాం, అంకెలు పైకీ కిందకీ ఎగురుతుంటాయి. మెల్లగా కిందికి దిగుతూ పోతే ఒకచోట అంకెలు మెత్తబడతాయి, పక్క పక్క అంకెల మధ్య తేడా చిన్నదిగా ఉంటుంది, కొంత దూరం పెరిగి, మళ్లీ తగ్గి, మళ్లీ పెరుగుతుంది. అక్కడ ఆగండి, అది పట్టిక అయ్యుండొచ్చు. ఇప్పుడు ఎడిటర్‌లో వరసకి ఎన్ని బైట్లు చూపించాలో మార్చుకునే వీలుంటుంది కదా, 8 పెట్టి చూడండి, తర్వాత 10, 12, 16, 20. సరైన వెడల్పు తగిలినప్పుడు వరసలు ఒకదాని కింద ఒకటి సర్దుకుని, పైనుంచి కిందికి చదివినా అంకెలు మెత్తగా నడుస్తాయి, తప్పు వెడల్పులో అయితే ఏటవాలుగా జారిపోతుంటాయి. ఇది మాటల్లో ఎంత చెప్పినా చాలదు, ఒక్కసారి కళ్లతో చూస్తే ఇక మర్చిపోరు.

లెక్క కోసం నేను వేసిన ఒక ఉదాహరణ, ఏ కారుదీ కాదు. ఒక వరస 40 48 54 60 68 70 74 78, దాని కింద 38 44 50 58 60 68 70 72. ఇవి హెక్స్ అంకెలు. మామూలు లెక్కలో మొదటి వరస 64, 72, 84, 96, 104, 112, 116, 120. డిగ్రీలుగా (పిస్టన్ పైకి చేరడానికి క్రాంక్ ఇంకా ఎన్ని డిగ్రీలు తిరగాల్సి ఉండగా స్పార్క్ ఇవ్వాలో) మార్చే సూత్రం ఒక్కో ఈసీఎంకి ఒక్కోలా ఉంటుంది, మన ఉదాహరణలో నాలుగుతో భాగించి ఆరు తీసేద్దాం, అప్పుడు 10, 12, 15, 18, 20, 22, 23, 24 డిగ్రీలు. ఎడమ నుంచి కుడికి ఆర్‌పీఎం పెరుగుతోంది, డిగ్రీలు పెరిగాయి. కింది వరసలో లోడ్, అంటే ఇంజన్ మీద భారం, ఎక్కువ, అక్కడ డిగ్రీలు తగ్గాయి: 8, 11, 14, 16, 18, 20, 22, 22.5.

ఇంజన్ ఎలా ఉండాలో అలాగే ఉంది చూడండి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ మంట కాలడానికి దొరికే టైం తగ్గుతుంది కాబట్టి స్పార్క్ ముందే ఇవ్వాలి. లోడ్ పెరిగితే సిలిండర్‌లో గాలి దట్టంగా ఉండి మంట త్వరగా పాకుతుంది, నాకింగ్ (పెట్రోల్ దానంతట అదే పేలి ఇంజన్ టకటకమనడం) భయం కూడా ఎక్కువ, అందుకే స్పార్క్ వెనక్కి. పట్టిక ఈ రెండు గుణాలూ చూపిస్తే అది టైమింగ్ మ్యాప్ అనే గట్టి అనుమానం. మ్యాప్ సెన్సార్‌తో (ఇది పట్టిక మ్యాప్ కాదు, ఇంజన్ లోపలికి పోయే గాలి ఒత్తిడి కొలిచే సెన్సార్ పేరు) నడిచే చాలా ఈసీఎంలలో ఎంత పెట్రోల్ కొట్టాలో చెప్పే పట్టిక దీనికి తిరగేసి, లోడ్‌తో పెరుగుతూ పోతుంది, అలా విడదీయొచ్చు. అనుమానం అనే అంటున్నా, ఆ ఈసీఎంకి డెఫినిషన్ ఫైల్ (ఏ పట్టిక ఏ అడ్రస్‌లో ఉందో చెప్పే ఫైల్) దొరికితే దాంతో సరిచూసుకోండి. 1992-95 అమెరికా సివిక్‌లలో వచ్చిన పీ28 లాంటి హోండా ఈసీఎంలకి, బాష్ మోట్రానిక్ ఉన్న పాత బీఎండబ్ల్యూలకి ప్రపంచమంతా కూర్చుని ఇలాంటివి తయారు చేశారు, అందుకే నేర్చుకునేవాళ్లకి అవి మంచివి.

లోడ్ అన్నాను కదా, దానికి మన దగ్గర ఒక సులువు ఉంది. గోదావరి డెల్టా అంతా సముద్ర మట్టానికి దగ్గరగానే ఉంది, కాబట్టి కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే మ్యాప్ సెన్సార్ 100 కేపీఏ (కిలోపాస్కల్, ఒత్తిడి కొలత) దగ్గర చూపించాలి. పాలకొల్లులో కారు నిలబెట్టి కీ ఆన్ చేస్తే 85 చూపిస్తోందంటే సెన్సారో వైరింగో తేడా, అది సరిచేయకుండా మ్యాప్ జోలికెళ్తే అబద్ధం మీద లెక్క కట్టినట్టే.

ఇప్పుడు డౌన్‌లోడ్ చేసిన ‘స్టేజ్ వన్’ (పవర్ పెంచడానికి వేరేవాళ్లు ముందే మార్చి పెట్టిన) ఫైల్ పెట్టేయొచ్చా అనే ప్రశ్న. నేను వద్దనే అంటాను. ఆ ఫైల్ రాసినవాడు జర్మనీలో 98 ఆక్టేన్ పోసుకునే కారు కోసం రాసి ఉంటాడు, మనం పోసేది రావులపాలెం బంకులో పెట్రోల్, ఇప్పుడు అది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఒక వంతు పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో గాలి 14.7 వంతులు కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, ఇరవై శాతం కలిపితే 13.5 దగ్గరికి వస్తుంది. మామూలుగా పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీఎం సర్దుకుంటుంది, కానీ ఫుల్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పాత ఈసీఎంలు ఆ సెన్సార్‌ని వదిలేసి పట్టికలో ఉన్నది ఉన్నట్టు కొడతాయి. అంటే శుద్ధ పెట్రోల్ కోసం రాసిన మ్యాప్ ఈ20 మీద సరిగ్గా ఎక్కువ పవర్ అడిగిన చోటే లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా) అవుతుంది. దాని మీద ఎవరిదో టైమింగ్ రెండు డిగ్రీలు పెంచి రాసిన ఫైల్ వేస్తే, రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలో నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసి సిద్ధాంతం బ్రిడ్జి దగ్గర ఓవర్‌టేక్ చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. డిసెంబర్ తెల్లవారుజామున చేసిన ట్యూనింగ్ మే నెల మధ్యాహ్నం కూడా నిలబడాలి, మనవైపు ట్యూనింగ్ అంటే నా లెక్కలో అదే అసలు పరీక్ష.

రాయడం గురించి వచ్చే పాఠంలో వివరంగా చెప్తా, ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి ఎందుకంటే ఖాళీ చిప్‌లు కొనడానికి తొందరపడుతున్నారు. 27సి256 బదులు చెరిపి రాసుకునే 27ఎస్‌ఎఫ్512 కొనుక్కోవచ్చు, దానికి అల్ట్రావయొలెట్ దీపం అక్కర్లేదు. కానీ అది 64 కేబీ, మన ఫైల్ 32. చిన్న చిప్‌లో 1వ కాలు రాతకి వాడే వోల్టేజ్‌ది, చదివేటప్పుడు బోర్డు సాధారణంగా దాన్ని 5 వోల్టులకి కట్టేసి ఉంచుతుంది. పెద్ద చిప్‌లో అదే కాలు ఏ15. అది ఎప్పుడూ 5 వోల్టుల మీదే ఉంది కాబట్టి ఈసీఎం పై సగమే చదువుతుంది. ఫైల్‌ని కింది సగంలో మాత్రమే రాసి పెడితే కారు స్టార్ట్ అవ్వదు, అందుకని అదే ఫైల్‌ని రెండు సగాల్లోనూ రాయండి.

హోంవర్క్: మూడు రీడింగులు తీసి సరిపోల్చండి, టైమింగ్ మ్యాప్ అనుకున్నది ఏ అడ్రస్‌లో మొదలై ఎక్కడ ముగిసిందో, వెడల్పు ఎంతో రాయండి, ఫుల్ లోడ్ వరసని డిగ్రీల్లోకి మార్చి గ్రాఫ్ పేపర్ మీద గీయండి. తర్వాత ఒరిజినల్ చిప్‌ని తిరిగి కారులో పెట్టి స్టార్ట్ చేసి, చెక్ ఇంజన్ లైట్ ఆరిందో లేదో చూడండి. వచ్చే పాఠంలో చెక్‌సమ్ (ఫైల్ చెడిపోలేదని ఈసీఎం సరిచూసుకునే మొత్తం), ఆ తర్వాత ఒకే ఒక్క గడిలో ఒక్క డిగ్రీ మార్పు. పెట్రోల్ పట్టిక దాకా వెళ్లేసరికి వైడ్‌బ్యాండ్ మీటర్ (పొగ చూసి గాలి, పెట్రోల్ పాళ్లు కొలిచేది) కావాలి, డబ్బులు ఇప్పటినుంచే పక్కన పెట్టుకోండి, అది లేకుండా ఆ పాఠం మొదలుపెట్టను.