పాత చిన్న ట్రాక్టర్, గడ్డి బేలర్: కట్ట వదులుగా వస్తుంటే ముందు ఏం చూడాలి

హార్వెస్టర్ పొలం దిగి వెళ్లిన నాలుగైదు రోజులకి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బేలర్ మంచిదే తెచ్చినం, కట్ట నిలబడ్తలేదు." అవతలి మనిషి మారుతాడు గానీ మాట మారదు. నేను అడిగేది కూడా ఒకటే: గడ్డి మింగేటప్పుడు పీటీఓ, అంటే ట్రాక్టర్ వెనక తిరుగుతూ బేలర్‌ని నడిపే ఇరుసు, ఎంత తిరుగుతోంది? దానికి వచ్చే జవాబు "ఫుల్లుగనే తిరుగుతుందన్నా". ఫుల్లుగా అంటే ఎంతో ఎవరూ చూసి ఉండరు. ఈలోపు దారం మార్చేసి ఉంటారు, స్ప్రింగులు బిగించేసి ఉంటారు, సగం మంది బేలర్ అమ్మినవాడితో గొడవ కూడా పెట్టేసుకుని ఉంటారు.

ఇక్కడ చెప్పేది 30-40 హెచ్‌పీ పాత బళ్ల గురించి, మహీంద్రా 265, మాస్సీ 1035 తరహావి, వాటి వెనక తగిలించే, గడ్డిని గుండ్రంగా చుట్టి దారంతో కట్టే చిన్న రౌండ్ బేలర్ల గురించి. షాఫ్ట్ ఎక్కించడం, గ్రీజు కొట్టడం, దారం దూర్చడం మీకు వచ్చనే అనుకుంటున్నా. చేయి లోపల పెట్టే ముందు పీటీఓ ఆపి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకోవాలని కూడా తెలుసనే అనుకుంటున్నా. తెలియకపోతే ఇది చదవడం ఆపి ముందు అది నేర్చుకోండి.

కట్ట వదులుగా ఉంది, ట్రాలీలోకి విసిరితే విచ్చుకుపోతోంది

ముందు ఒక మాట. చాంబర్ (లోపల గడ్డి చుట్టుకునే గది) సైజు మారని బేలర్లలో కట్ట నడిమధ్య కొంచెం మెత్తగానే ఉంటుంది. అది రోగం కాదు, ఆ మిషన్ పని చేసే తీరే అంత. పైన నాలుగు వేళ్ల మందం వరకు బొటనవేలు దిగకపోతే కట్ట బాగున్నట్టే. పైన కూడా దిగుతోందంటే చాంబర్ నిండకముందే కట్టేస్తున్నారు, లేదంటే లోపల తిరగాల్సినంత వేగంగా తిరగట్లేదు. మొదటిది డ్రైవర్ తొందర. రెండోది పీటీఓ.

బేలర్‌కి కావాల్సింది నిమిషానికి 540 చుట్లు. ఆ 540 రావాలంటే ఇంజిన్ ఎంత తిరగాలనేది ఒక్కో బండికి ఒక్కో లెక్క, చాలా మోడళ్లలో 1500 నుంచి 1800 మధ్య ఉంటుంది. మీటర్ మీద పీటీఓ గీత ఉంటుంది కానీ, మనం మాట్లాడుకునే బళ్లలో మీటర్ ముల్లు కదిలి ఎన్నేళ్లయిందో. అందుకే అందరూ చెవితో పెడతారు. ఖాళీగా నిలబెట్టి చెవితో పెట్టిన రేస్ (ఇంజిన్ వేగం), గడ్డి వరస మీదికి ఎక్కాక అంతే ఉంటుందని నమ్మేస్తారు.

కొలవడానికి ఫోన్ చాలు. ఇంజిన్ ఆపి, బేలర్ వైపు కనిపించే క్రాస్ యోక్ (షాఫ్ట్ చివరి కీలు) మీద తెల్ల పెయింట్ చుక్క పెట్టండి. తర్వాత బండి గడ్డి మింగుతూ వెళ్తున్నప్పుడు పక్కన దూరంగా నిలబడి స్లో మోషన్ వీడియో తీయండి, 240 ఫ్రేములది, అంటే ఎనిమిది రెట్లు నెమ్మదిగా కనిపించేది. చుక్క పది చుట్లు తిరగడానికి వీడియోలో తొమ్మిది సెకన్లు పడితే 540 ఉన్నట్టే. పన్నెండు సెకన్లు పడితే 400కి దిగిపోయింది, ఇక ఏ దారం మార్చినా ఒకటే. వరస మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తీయండి. చివర్లోది ఎందుకో తర్వాత చెప్తా.

ఇంకొకటి. దట్టమైన వరస వచ్చినప్పుడు బండి నెమ్మది కావాలని రేస్ తగ్గించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రేస్ తగ్గిస్తే బండితో పాటు పీటీఓ కూడా తగ్గుతుంది, లోపల గడ్డి చుట్టుకోదు, గడ్డిని పైకెత్తే పికప్ దగ్గర పోగుపడుతుంది. నెమ్మది కావాలంటే గేరు దించండి, లో ఒకటో గేరులో వెళ్లండి. వేగం గేరుతో, పీటీఓ రేస్‌తో. ఈ రెండూ కలపొద్దు.

మొదటి కట్టలు గట్టిగా, వరస చివరికి వచ్చేసరికి వదులుగా

ఇది నన్ను రెండు సీజన్లు ఏడిపించింది.

నా 35 హెచ్‌పీ బండి, సెకండ్ హ్యాండ్ బేలర్. మాది సాగర్ ఎడమ కాలువ కింద, యాసంగి గడ్డి. పొద్దున మొదటి మూడు నాలుగు కట్టలు తంతే కాలు నొప్పి పుట్టేంత గట్టిగా వచ్చేవి. తర్వాత ఒక్కోటీ మెత్తబడేది. వరస చివరికి వచ్చేసరికి దుప్పటి చుట్టినట్టు ఉండేది. గట్టు దగ్గర తిప్పుకుని కొత్త వరస ఎక్కితే మళ్లీ గట్టి కట్ట! గడ్డిలో తేడా ఉందేమో అనుకున్నా. దారం మార్చా, టెన్షన్ స్ప్రింగులు మార్చా, చైన్ లింకు ఒకటి తీయించా. ఒక మెకానిక్ ఇంజిన్‌లో దమ్ము తగ్గింది, రింగులు వేయాలన్నాడు, వేయించా. ఎంతయిందో ఇప్పుడు రాయడం కూడా ఇష్టం లేదు.

ఒకరోజు మా అల్లుడు సరదాగా మడ్‌గార్డ్ మీద కూర్చుని వచ్చాడు. అలా కూర్చోనివ్వకూడదు, తప్పే. సగం వరస అయ్యాక వాడు "మామా, నీ రేస్ కట్టె దానంతటదే జరుగుతుంది చూడు" అన్నాడు. చూస్తే నిజమే. స్టీరింగ్ కింద చేతి ఎక్సలేటర్ లివర్, నేను పెట్టిన చోటు నుంచి రెండు వేళ్లు వెనక్కి వచ్చేసి ఉంది. గట్టు దగ్గర తిప్పుకునేటప్పుడు రేస్ తగ్గించి మళ్లీ పెంచేవాణ్ని కాబట్టి ప్రతి వరస మొదట్లో సరిగ్గా ఉండేది, పోను పోను దిగిపోయేది. అంత నెమ్మదిగా దిగుతుంటే చెవికి తెలియదు. ఇంజిన్ శబ్దం కొంచెం కొంచెంగా తగ్గుతుంటే, అదే పనిగా వింటున్నవాడి చెవి దానికి అలవాటుపడిపోతుంది.

కారణం చాలా చిన్నది. లివర్ పెట్టిన చోట నిలబడాలంటే దాని ఇరుసు దగ్గర స్ప్రింగు, ఫైబర్ వాషర్, నట్టు కలిసి దాన్ని బిగించి పట్టుకోవాలి. అవతల డీజిల్ పంపు వైపు స్ప్రింగు ఆ లివర్‌ని ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ల బండిలో ఆ వాషర్ అరిగిపోయి అద్దంలా నున్నగా తయారవుతుంది, పైగా దాని మీద ఆయిల్ మరక. దున్నేటప్పుడు ఎవరికీ పట్టదు, కాలు ఎలాగూ పెడల్ మీదే ఉంటుంది. బేలర్ వెనక ఉన్నప్పుడు గంటల తరబడి అదురు, ఆ అదురుకి లివర్ మెల్లగా జారుతుంది.

చూడటానికి పైసా ఖర్చు లేదు. వరస ఎక్కే ముందు లివర్ ఉన్న చోట చాక్‌పీస్‌తో గీత పెట్టండి, వరస చివర చూడండి. గీత నుంచి జరిగిందా, దొంగ దొరికాడు. విప్పి, వాషర్ డీజిల్‌తో కాకుండా పొడి గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో నున్నదనం పోగొట్టి, నట్టు బిగించండి. చేత్తో తోస్తే కొంచెం బిర్రుగా జరగాలి, వదిలితే అక్కడే ఉండాలి. నట్టు ఇంకా బిగుసుకునే చోటు లేకపోతే వాషర్ అయిపోయినట్టే, కొత్తది వేయండి. పాత సైకిల్ ట్యూబ్ ముక్క కోసి వేస్తే ఆ సీజన్ గడుస్తుందనేవాళ్లున్నారు. నేనూ వేశా. ఎండకి, ఇంజిన్ వేడికి నాలుగో రోజే జిగురులా అయిపోయింది.

ఇదే పనిలో ఆ లివర్ నుంచి పంపు దాకా వెళ్లే రాడ్డు కూడా చూడండి. దాని కీళ్లు వదులైతే ఇక్కడ లివర్ చివరిదాకా వచ్చినా అక్కడ పంపు చేయి పూర్తిగా రాదు. ఒకరు లివర్ లాగుతుంటే ఇంకొకరు పంపు దగ్గర చూస్తే చాలు.

రేస్ జారిందా, ఇంజిన్ అలసిందా, క్లచ్ జారుతోందా?

ఈ మూడూ కలగాపులగం చేసి తప్పుడు వస్తువుకి డబ్బు పోస్తారు. సైలెన్సర్ చూడండి, చెవి పెట్టండి. ఇంజిన్ మూలుగుతూ నల్లపొగ కక్కుతోందంటే డీజిల్ నిండుగా అందుతోంది, బరువే ఎక్కువైంది. గేరు దించండి, ఎయిర్ క్లీనర్ శుభ్రం చేయండి, మంచు ఆరి గడ్డి గలగలమనేదాకా ఆగండి. వానాకాలం పంట గడ్డిని పొద్దున ఏడింటికే ఎత్తుదామనుకుంటే 50 హెచ్‌పీ బండి కూడా మూలుగుతుంది. ఇంజిన్ దిగిపోతోంది, పొగ మాత్రం లేదు అంటే డీజిల్ తక్కువ వెళ్తోంది. లివర్ పైకి తోస్తే వెంటనే అందుకుంటే పైన చెప్పిన కథే. తోసినా అందుకోకపోతే డీజిల్ ఫిల్టర్, లేదా ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడిపోయి ఉంటుంది. మూత వదులు చేసి ఒక వరస తోలి చూస్తే తేలిపోతుంది.

ఇంజిన్ శబ్దం మారకుండా షాఫ్ట్ మాత్రం నెమ్మదిస్తే క్లచ్ జారుతోంది, కాలిన వాసన కూడా వస్తుంది. పెడల్‌కి ఆట ఉందో లేదో చూసి అప్పుడు ప్లేటు గురించి ఆలోచించండి.

దారం చుట్టేలోపే పీటీఓ ఆగిపోతోంది

మీది సింగిల్ క్లచ్ బండి, బేలర్ తప్పేమీ లేదు. చాంబర్ నిండాక బండి ఆగాలి, పీటీఓ మాత్రం తిరుగుతూ దారం చుట్టాలి. డబుల్ క్లచ్‌లో పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ ఆగదు. సింగిల్ క్లచ్‌లో తొక్కగానే రెండూ ఆగుతాయి. చేయాల్సింది ఇంతే: తొక్కండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి, పెడల్ మెల్లగా వదలండి, రేస్ తగ్గించకుండా దారం చుట్టనివ్వండి. రోజుకి రెండు మూడు వందల సార్లు ఇలా చేస్తే మోకాలు మాట్లాడుతుంది, అయినా పని నడుస్తుంది.

ఇదే సింగిల్ క్లచ్ బండికి ఇటుక ఆకారం కట్టలు కట్టే స్క్వేర్ బేలర్ తగిలిస్తే మాత్రం సంగతి వేరు. దానికి బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. మీరు క్లచ్ తొక్కినా ఆ చక్రం తిరుగుతూ పీటీఓని, దాని ద్వారా గేరుబాక్సుని తిప్పుతుంది, బండి ముందుకే పోతుంది. ముందు గట్టు ఉన్నా, కాలువ ఉన్నా, మనిషి ఉన్నా. పీటీఓ మీద ఒకవైపే తిరిగే ఓవర్ రన్నింగ్ క్లచ్ వేస్తేనే ఆ జోడీ పనికొస్తుంది. అది లేకుండా నన్ను తోలమంటే నేను బండెక్కను.

మిగతావి

మలుపులో టకటకమంటే షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు ఒకే వరసలో ఉన్నాయా చూడండి. డ్రాబార్‌కి (వెనక లాగే కడ్డీకి) తగిలించే మిషనైతే పీటీఓ కొస నుంచి పిన్ను రంధ్రానికి 14 అంగుళాలు ఉండాలి. షియర్ బోల్ట్ (బరువు మించితే తెగి మిషన్‌ని కాపాడే బోల్టు) ఊరికే తెగుతుంటే, దుకాణంలో దొరికిన గట్టి బోల్టు వేయకండి, తెగడమే దాని పని. గ్రౌండ్ స్పీడ్ పీటీఓ (బండి చక్రాల వేగాన్ని బట్టి తిరిగేది) ఉన్న బండి అయితే ఆ లివర్ పొరపాటున అటు పడిందేమో ఒక్కసారి కన్నేయండి. బేలర్ గేరుబాక్సులో పళ్లు పోయాయేమో అని అడిగేవాళ్లు కూడా ఉంటారు. పోతే ఆ శబ్దానికి పక్క పొలంవాళ్లే వచ్చి చెప్తారు.

ఫోన్ చేసేవాళ్లు మాత్రం ముందు చాక్‌పీస్ గీత పెట్టి, వీడియో తీసి, ఆ తర్వాత చేయండి.