నీళ్లు పోసుకుంటూ ఇల్లు చేరదామనుకోకండి: ఎండాకాలానికి ముందు ఫియట్ కార్ల జాగ్రత్తలు

ఉగాది దాటి నెల కూడా కాలేదు. కావలి నుంచి ఒంగోలు బయలుదేరిన ఒక కుటుంబం కారు సింగరాయకొండ దాటగానే వేడెక్కింది. ఆపారు. దాబాలో బిందె అడిగి తెచ్చి నీళ్లు పోశారు. మళ్లీ బయలుదేరారు. టంగుటూరు టోల్‌గేటు దగ్గర మరోసారి పోశారు. ఒంగోలు పొలిమేరల్లోకి వచ్చేసరికి ఇంజన్ పట్టేసింది. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చిందని ముచ్చటపడి కొనుక్కున్న ఇటాలియన్ కారు అది. ఆటోనగర్‌లో ఇంజన్ దించి చూస్తే దాని పైభాగం, అంటే హెడ్డు, వంకరపోయి ఉంది, పిస్టన్లు గీసుకుపోయి ఉన్నాయి. బాగుచేయడానికి చెప్పిన మొత్తం కారు కొన్న ధరకు దరిదాపుల్లో ఉంది. మూలం ఏమిటంటే, ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, పారే దారిలో చీలిన ఒక చిన్న హోస్ పైపు.

టైర్లలో గాలి, ఏసీ గ్యాసు, బ్యాటరీ గురించి ఇక్కడ రాయడం లేదు. అవి ఏ కారుకైనా చూసుకోవలసినవే, అందరికీ తెలిసినవే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫియట్ వారి పుంటో, లీనియా, పాలియో నడుపుతున్నవారికి రోహిణి కార్తెలోపు గట్టిగా చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. వేడెక్కిన బండిలో నీళ్లు పోసుకుంటూ ముందుకు వెళ్లకండి. నేను చూసినంతలో ఈ కార్లను షెడ్డుకు చేర్చింది కంపెనీ తప్పుల కన్నా ఈ ఒక్క అలవాటే ఎక్కువ.

ముందుగా ఈ కార్ల నమ్మకం సంగతి. ఇటాలియన్ కారంటే ఎప్పుడూ మెకానిక్ దగ్గరే ఉంటుందన్న పేరు మన దగ్గర పాతదే. అందులో నిజం సగమే. ఏళ్ల తరబడి వాడుతున్నవారిని అడిగితే దాదాపు ఒకే రకంగా చెబుతారు: బాడీ గట్టిది, హైవే మీద స్టీరింగ్ స్థిరంగా ఉంటుంది, పొదిలి, కనిగిరి వైపు గుంతల రోడ్లలోనూ సస్పెన్షన్ ఒళ్లు హూనం చేయదు. 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌కు 2005లో దాని విభాగంలో అంతర్జాతీయ ఇంజన్ పురస్కారం దక్కింది. అదే 1248 సీసీ ఇంజన్ మారుతి స్విఫ్ట్, డిజైర్, టాటా ఇండికా విస్టా వంటి బళ్లలోనూ ఉంది. కాబట్టి ఇంజన్ లోపలి సామాను గురించి, దాన్ని విప్పగల చేతుల గురించి బెంగ లేదు. ఇబ్బందంతా చుట్టూ ఉన్న చిన్న చిన్న వాటితోనే. రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ జాయింట్లు, సెన్సర్లు, వైరింగు, బుష్‌లు. 2009లో వచ్చిన పుంటో, లీనియాల వయసు ఇప్పుడు తక్కువేమీ కాదు. 2019 నాటికి ఈ దేశంలో ఫియట్ అమ్మకాలు ఆగిపోయాయి, షోరూములు మూతపడ్డాయి. స్విఫ్ట్‌కు ఏ మూలనైనా దొరికే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసేది) హౌసింగ్ లీనియాకు సరిపోయేది కావాలంటే చెన్నై జీపీ రోడ్డులో వెతకాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని రోజుల తరబడి ఎదురుచూడాలి. మే నెలలో బండి రోడ్డు పక్కన ఆగిపోయాక ఆ ఎదురుచూపు మొదలుపెట్టకూడదు. ఇప్పుడే, ఏప్రిల్‌లోనే కొని పెట్టుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. డ్యాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి ఎక్కింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. పక్కనున్నవారు తప్పకుండా అనే మాట: "ఏముందన్నా, నీళ్లు తగ్గాయి. పోసుకుంటూ వెళ్లిపోదాం, ఊరు దగ్గరే కదా." ఆ మాట వినకండి. నీళ్లు తగ్గాయంటే అవి ఎక్కడికో పోయాయని అర్థం. పోయిన దారి ఇంకా తెరిచే ఉంది. మీరు పోసే బిందెడు నీళ్లు కూడా అదే దారిన పోతాయి. ఆ లోపల ఇంజన్ మళ్లీ మళ్లీ కాగుతుంది. ఈ ఇంజన్లలో కింది దిమ్మె పోత ఇనుముది, పైనున్న హెడ్డు అల్యూమినియంది. వేడికి రెండూ ఒకేలా సాగవు. హద్దు మీరి కాగితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది, మధ్యనున్న గ్యాస్కెట్ కాలిపోతుంది. అలా కాలిన హెడ్డు మీద చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగిలితే బీట వారే ప్రమాదమూ ఉంది. పగిలిన హోస్ వందల రూపాయల వ్యవహారం. హెడ్ గ్యాస్కెట్, వంగిన హెడ్డును చదును చేసే ఫేసింగ్ వేలల్లోకి వెళ్తుంది. ఇంజన్ పట్టేస్తే బండిమీద ఆశ వదులుకోవలసిందే. ఈ మూడింటి మధ్య తేడా మీరు ఆపకుండా నడిపిన ఆ పది పదిహేను కిలోమీటర్లే.

మన జిల్లాల నీళ్ల గురించి వేరే చెప్పాలి. తీరం వెంబడి చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. పడమటి వైపు, కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య తెలియనివారు లేరు. అన్నం గిన్నెకు తెల్లటి గార కట్టే నీళ్లు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో ఏం చేస్తాయో ఊహించుకోండి. గార కట్టి దారి మూసుకుపోతుంది, ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. దీని ఫలితం ఆ రోజు కనబడదు, వచ్చే ఏడాది కనబడుతుంది. ఒకసారి బోరు నీళ్లు పోయవలసి వచ్చిందంటే ఆ వారంలోనే మొత్తం తీసేయించి, శుభ్రంగా కడిగించి, కొత్త కూలెంట్ నింపించాలి. మినరల్ వాటర్ క్యాను కూడా దీనికి పనికిరాదు. కావలసింది డిస్టిల్డ్ వాటర్, మనం బ్యాటరీ నీళ్లని అడిగేవి. కూలెంట్‌తో సగానికి సగం కలిపితే మరిగే స్థాయి పెరుగుతుంది, తుప్పు ఆగుతుంది. బండి పూర్తిగా చల్లారాక, కూలెంట్ డబ్బా మీది గుర్తుకు కాస్త దిగువన ఉంటే ఈ మిశ్రమం పోసుకోవడంలో తప్పు లేదు. అది వేరు, కాగుతున్న బండిలో నీళ్లు పోసుకుంటూ వెళ్లడం వేరు.

ముల్లు చేసే మోసం ఒకటుంది, దాన్ని నమ్మి దెబ్బతిన్నవారు ఎందరో. ముల్లు పైకి ఎక్కి ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. "హమ్మయ్య, చల్లబడింది" అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతారు. చల్లబడలేదు. కూలెంట్ మొత్తం పోయింది. సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే సరైన వేడి చూపుతుంది. చుట్టూ గాలి మిగిలితే దానికి ఏమీ తెలియదు. హీటర్ వేస్తే వేడి గాలికి బదులు చల్లగాలి రావడం కూడా దీనికి గుర్తే. ముల్లు పడిపోతే అదే ఆఖరి హెచ్చరిక. ఆపండి.

పెట్రోలు బండి ఉన్నవారికి. ఫియట్ వారు ఫైర్ అని పేరు పెట్టిన 1.2, 1.4 లీటర్ల ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేది, వాల్వులను వేళకు కదిలించే టైమింగ్ బెల్టే. పంపు బేరింగు అరిగి బిగుసుకుంటే బెల్టు పళ్లు పోతాయి, దానితో వాల్వుల లెక్క కూడా తప్పుతుంది. అందుకే బెల్టు మార్చేటప్పుడు పంపు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ కలిపే మార్చాలి. "పంపు బాగానే ఉందిగా" అని ఆదా చేసేవారు మళ్లీ అదంతా విప్పడానికి కూలి కట్టుకోవలసి వస్తుంది. కిలోమీటర్లు తక్కువ తిరిగిందన్న మాట ఇక్కడ చెల్లదు, రబ్బరుకు వయసు కూడా లెక్కే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు, బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే అనుకోండి.

డీజిల్ వారికి. మల్టీజెట్‌లో టైమింగుకు గొలుసు ఉంటుంది, వాటర్ పంపు బయటి బెల్టు మీద తిరుగుతుంది. ఆ బెల్టు తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది. ఆల్టర్నేటర్ కదా, ఇంటికెళ్లి చూసుకుందామనుకుంటారు. అదే బెల్టుతో పంపు కూడా ఆగిపోయింది. బ్యాటరీ దీపం వెలిగాక ముల్లు ఎక్కడం మొదలుపెడితే అక్కడే ఆపాలి.

రేడియేటర్ ఫ్యాను సంగతి రెండింటికీ ఒకటే. ఈ బళ్లలో ఫ్యాను రెండు వేగాల్లో తిరుగుతుంది. తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోవడం ఫియట్ యజమానులకు బాగా తెలిసిన జబ్బు. అది పోతే ఫ్యాను బాగా వేడెక్కాకగానీ కదలదు. హైవే మీద ఎదురుగాలికి తెలియదు, ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లోనో టోల్‌గేటు వరుసలోనో బయటపడుతుంది. ఇంటి ముందు నిలబెట్టి ఏసీ వేసి చూడండి. కాసేపట్లో ఫ్యాను తిరగకపోతే ఆ రోజే మెకానిక్‌ను కలవండి.

ఆ మెకానిక్ రెండు సలహాలు ఇవ్వవచ్చు. రెండూ వద్దు. మొదటిది, "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేద్దాం." థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. నీరు తిరగవలసిన దారి కూడా మారుతుంది కాబట్టి బరువు మీద ఘాట్ ఎక్కేటప్పుడు వేడి తగ్గుతుందన్న హామీ కూడా ఉండదు. పాడైతే కొత్తది వేయించండి. రెండోది, "ఫ్యాను డైరెక్టు చేసేద్దాం." అంటే బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగడం. ఫ్యూజు లేకుండా లాగిన వైరు బానెట్ కింద కరిగి అంటుకునే ప్రమాదం ఉంది. ఎండాకాలంలో రోడ్ల మీద తగలబడిన కార్ల వార్తలు చదివినప్పుడు ఇలాంటి అతుకుల వైరింగును గుర్తు చేసుకోండి.

ఇక వరుసగా చెబుతున్నాను, మే నెల వచ్చేలోపు అన్నీ అయిపోవాలి.

హోస్ పైపులన్నీ చేత్తో నొక్కి చూడండి, బండి చల్లగా ఉన్నప్పుడు. రాయిలా గట్టిపడినవి, ఉబ్బినవి, అంచులు చీలినవి మార్చేయండి. ఒకటి పోయిందంటే మిగతావి కూడా అదే వయసువి, కలిపి మార్చండి.

కూలెంట్ డబ్బా మూత మార్చండి. ఈ కార్లలో ఒత్తిడిని పట్టి ఉంచేది ఆ మూతే, అది పట్టు తప్పితే కూలెంట్ త్వరగా మరుగుతుంది.

వేడి బండి మూత తీయవద్దు. గుడ్డ కప్పి తీసినా సరే, వద్దు. ముఖం కాలుతుంది.

ఎరుపు కూలెంట్, పచ్చ కూలెంట్ కలపకండి. రంగు ఒకటే అయినా రకం వేరు కావచ్చు, మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో అదే పోయండి.

చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనుక తిరిగే బళ్ల రేడియేటర్ రెక్కల్లో తెల్లదుమ్ము అట్టకడుతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఉండేవారికి ఉప్పుగాలి ఆ రెక్కలను తినేస్తుంది. నీళ్లతో నెమ్మదిగా కడిగించండి, ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టించకండి.

ఆయిల్ మూత తీసి అడుగు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగు ముద్ద కనిపిస్తే ఆయిల్‌లో కూలెంట్ కలిసి ఉండవచ్చు, ప్రయాణం రద్దు చేసుకోండి.

ఉదయం చల్లటి బండి స్టార్ట్ చేసిన వెంటనే హోస్‌లు గట్టిపడుతున్నా, డబ్బాలో బుడగలు వస్తున్నా గ్యాస్కెట్ పోయిందనే అనుకోండి. ఎవరు ఏం చెప్పినా ఒంగోలు దాటకండి, నెల్లూరు దాటకండి.

దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే పని ఉంటే ఉదయం ఎండ ముదరకముందే ఎక్కండి. నలుగురు పెద్దలు, నిండా సామాను, ఏసీ, మిట్ట మధ్యాహ్నం, పదిహేనేళ్ల బండి. ఇవన్నీ ఒకే రోజున కలపకండి.

ఉలవపాడు మామిడి కోసం ఆగినప్పుడు ఒకసారి బండి కిందికి వంగి చూడండి. ఏసీ కింద కారే నీరు మామూలే, రంగు ఉండదు. ఎరుపో పచ్చో జిడ్డుగా తగిలితే అది కూలెంట్. మామిడి సంగతి తరువాత.

ముల్లు సగం దాటి పైకి వెళ్తుంటే ఏసీ ఆపండి. హీటర్ పూర్తిగా వేయండి, ఇంజన్ వేడిని అది కొంత బయటికి లాగుతుంది. ఎడమకు రండి. ఇంజన్ ఆపండి. ఎర్రగీత దాకా ఆగకండి.

పిల్లలను, ముసలివారిని కారులో కూర్చోబెట్టకండి. రోడ్డు అంచు కంచె అవతలికి పంపి నీడలో ఉంచండి, త్రికోణం బోర్డు వెనుక దూరంగా పెట్టండి.

జాతీయ రహదారి మీద ఉంటే 1033కు ఫోన్ చేయండి. టోల్ రహదారుల్లో ఆగిన బళ్లను తీయడానికి క్రేన్లు ఉంటాయి. బీమాలో రోడ్డు మీద సహాయం అన్న అదనపు రక్షణ ఉందో లేదో ఇప్పుడే పాలసీ తీసి చూసుకోండి. వేడెక్కినా ఆపకుండా నడిపి పాడుచేసుకున్న ఇంజన్‌కు మామూలు పాలసీ డబ్బులివ్వదు.

ఆపాక గంట సేపైనా బానెట్ కింద చేయి పెట్టకండి. చల్లారాక, లీకు ఎక్కడో కంటితో చూశాక, అది మూసుకున్నాక మాత్రమే కూలెంట్ పోయండి. లీకు దొరకలేదంటే పోయనే పోయకండి, స్టార్ట్ చేయకండి. "అయిదు కిలోమీటర్లే" అన్నా వద్దు. "కావలి కనబడుతోంది" అన్నా వద్దు. పెళ్లికి ఆలస్యమైతే బస్సు ఎక్కండి, కారును లారీ మీద ఎక్కించండి. నీళ్లు పోసుకుంటూ మాత్రం వెళ్లకండి.

షెడ్డుకు చేరాక, మెకానిక్ తాళం అడిగినప్పుడు ముందు ఈ మాట చెప్పండి: ప్రెషర్ పెట్టి లీకు పరీక్ష చేసేదాకా ఇంజన్ తిప్పవద్దు. ఒక్క నిమిషం విని చూద్దామన్నా ఒప్పుకోకండి.