నది అందాన్ని మార్కుల్లో చూపించడం ఎలా? పాపికొండల గోదావరి ఉదాహరణగా

"ఇక్కడ నది చాలా అందంగా ఉంది, కాపాడండి" అని రాస్తే అర్జీ నిలబడదు. ఏ మలుపు, మిగతా చోట్ల కన్నా ఎంత అరుదో చూపించాలి.

మొదట పోచవరం రేవు నుంచి దిగువన గండిపోచమ్మ గుడి వరకు పది చోట్లు ఎంచుకోండి. బాగున్నవే ఏరితే పోల్చడానికేమీ మిగలదు. మామూలు ఒడ్లు, చెత్త పేరుకున్న రేవులు కూడా ఉండాలి.

ప్రతిచోటా ఒడ్డున నిలబడి, కంటి ఎత్తులో, ఒకే ఫోన్‌తో, జూమ్ లేకుండా ఫొటో తీయండి. లాంచీలోంచి తీస్తే మళ్లీ అదే చోటు దొరకదు. జీపీఎస్ అంకెలు, తేదీ, సమయం, నీటిమట్టం రాసుకోండి. ఆగస్టు ఎర్రనీళ్లకూ జనవరి తేటనీళ్లకూ వేర్వేరు పట్టికలు పెట్టాలి. కలిపితే మార్కు నదికి పడిందో, రుతువుకు పడిందో తేలదు.

తర్వాత అరుదుతనం లెక్క. అమెరికా జలశాస్త్రవేత్త లూనా లియోపోల్డ్ 1969లో స్నేక్ నది మీది హెల్స్ కాన్యన్‌ను ఐడహోలోని ఇతర లోయలతో పోల్చడానికి 46 అంశాల పట్టిక వాడారు. మీకు పదిహేను చాలు: నది వెడల్పు, కొండ వాలు, ఇసుక తిన్నెలు, నీటి రంగు, చెట్ల కప్పు, కట్టడాలు, చెత్త వంటివి. ప్రతి అంశాన్నీ మూడు నాలుగు తరగతులుగా విడగొట్టండి. ఒక తరగతిలో ఎన్ని చోట్లు పడితే 1ని అంతతో భాగించాలి. నిటారు కొండ వాలు రెండు చోట్లే ఉంటే ఒక్కోదానికి 0.5, పదింటా ఉంటే 0.1.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అరుదైనదల్లా అందమైనది కాదు. పదింటిలో ఒక్కచోటే చెత్తకుప్ప ఉంటే ఆ అంశంలో దానికీ పూర్తి 1 వస్తుంది. అందుకే అన్ని అంశాల మార్కులూ కూడిన మొత్తం ఒక్కటే చూడకుండా ఏ అంశం వల్ల మార్కు పెరిగిందో విడిగా రాయాలి.

దానికి తోడు జనం మార్కులు కావాలి. ముప్పై మందికి ఫొటోలు వరస కలిపేసి, ఒక్కోటి ఎనిమిది సెకన్లు చూపి, 1 నుంచి 10 వరకు వేయమనండి. పర్యాటకులే కాదు, ఆ ఒడ్డున బతికే కొండరెడ్లూ ఉండాలి. వాళ్ల మార్కులు విడిగా కూడా చూడండి. కొందరు అన్నింటికీ 8, కొందరు 4 వేస్తారు కాబట్టి ఎవరి సగటును వాళ్ల మార్కుల్లోంచి తీసేశాకే పోల్చాలి.

రెండు లెక్కల్లోనూ పైనున్న చోట్లను ముందు కాపాడమని అర్జీలో అడగండి. ఈ లోయలోకి నీరు ఎగదన్నే పోలవరం జలాశయం పూర్తి మట్టం సముద్రమట్టానికి 45.72 మీటర్ల ఎత్తు. నీరు పెరిగేకొద్దీ ముందు పోయేవి తిన్నెలు, ఒడ్డు కింది భాగం కాబట్టి ఆ అంశాల మార్కులు ఏటా అదే చోట, అదే నెలలో మళ్లీ వేయండి.