భిన్నాలన్నీ ఒకే క్యూలో పెడుతుంటే లిస్టు ఎక్కడో తేడా కొడుతోందా? ఇది చూడండి

1/2, 7/3, 5 లాంటి పాజిటివ్ అకరణీయ సంఖ్యలన్నీ ఒక్కటి కూడా మిస్సవకుండా వరసలో పెట్టాలి, ఏది అడిగినా "ఇది ఫలానా నంబర్లో ఉంది" అని చెప్పగలగాలి. కుదురుతుందని 1870ల్లోనే గణితవేత్త కాంటర్ చూపించాడు, కానీ పేపర్ మీద పెట్టేసరికి అందరూ ఇరుక్కునేది దాదాపు ఇవే చోట్ల.

సమస్య: చిన్నదాన్నుంచి పెద్దదానికి రాద్దామంటే మొదటిదే దొరకట్లేదు
ఏది రాసినా దాంట్లో సగం ఇంకా చిన్నది ఉంటుంది, ఏ రెండిటి మధ్యనైనా ఇంకోటి దూరుతుంది. ఆ ఆర్డర్లో క్యూ అసలు లేదు, సైజు సంగతి వదిలెయ్యండి.

సమస్య: 1/1, 1/2, 1/3 అని రాస్తూనే ఉన్నా, 2/1 రావట్లేదు
గుంటూరు వాళ్ళకి ఇది ఈజీ. బ్రాడీపేట 4/7 అంటే నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు కదా, ఆ లైన్లూ అడ్డరోడ్లూ ఎటు చూసినా ఆగకుండా పోతున్నాయనుకోండి, మొదటి లైను అయ్యాకే రెండో లైను అనుకునే పోస్ట్‌మ్యాన్ జన్మలో రెండో లైను మొహం చూడడు.
పరిష్కారం: ఐమూలగా నడవాలి. పైదీ కిందదీ కూడితే 2 వచ్చేవి ముందు, తర్వాత 3 వచ్చేవి (1/2, 2/1), తర్వాత 4 వచ్చేవి, అలా. ఒక్కో ఐమూలలో కొన్నే ఉంటాయి కాబట్టి ఎక్కడా ఇరుక్కోం.

సమస్య: ఒకే సంఖ్య మళ్ళీ మళ్ళీ వస్తోంది
అడ్రస్‌గా 1/2 వేరు 2/4 వేరు, సంఖ్యగా మాత్రం ఒకటే. పైదానికీ కిందదానికీ గ.సా.భా (రెంటినీ భాగించే అతి పెద్ద సంఖ్య) 1 కానివి దాటెయ్యండి. కాకపోతే దీంతో ఇంకో తలనొప్పి, పదివేలో చోట ఏముందో తెలియాలంటే మధ్యలో ఎన్ని దాటేశామో లెక్కెట్టుకుంటూ రావాలి.

సమస్య: దాటెయ్యడాల్లేకుండా, నంబర్ చెప్తే భిన్నం, భిన్నం చెప్తే నంబర్ కావాలి
దీనికి నాకు నచ్చింది 2000లో కాల్కిన్, విల్ఫ్ అనే గణితవేత్తలు రాసిన చెట్టు. పైన 1/1. ప్రతి భిన్నం కింద ఇద్దరు పిల్లలు, ఎడమవైపు దానికి లవం అదే, హారం ఏమో రెండిటి మొత్తం, కుడివైపు దానికి లవం మొత్తం, హారం అదే. వరసలవారీగా చదివితే 1, 1/2, 2, 1/3, 3/2, 2/3, 3... అన్నీ వస్తాయి, ఒక్కోటీ ఒక్కసారే, అదీ సూక్ష్మరూపంలోనే.
5/3 ఎక్కడుందో చూద్దాం. పైది పెద్దది, అంటే కుడి బిడ్డ, 5 లోంచి 3 తీస్తే తల్లి 2/3. ఇక్కడ కిందది పెద్దది కాబట్టి ఎడమ, తల్లి 2/1. మళ్ళీ కుడి, తల్లి 1/1. ఇప్పుడు పైనుంచి దిగుతూ చెట్టు మొదలుకి 1, కుడికి 1, ఎడమకి 0, కుడికి 1 రాస్తే 1101, బైనరీలో అది 13. లిస్టులో పదమూడోదే. ఈ తీసివేతలు చూస్తే గ.సా.భా కోసం చేసే యూక్లిడ్ పద్ధతే అని పట్టేస్తారు, రిపీట్లు రాకపోవడానికి కారణం కూడా అదే, పైకి ఎక్కే దారి ఒక్కటే ఉంటుంది.

సమస్య: చెట్టు గియ్యకుండా తర్వాతది కావాలి, కోడ్ రాస్తే కాసేపటికి చెత్త వస్తోంది
న్యూమన్ అనే గణితవేత్త సూత్రం ఉంది: లవాన్ని హారంతో భాగించి శేషం చూడండి, కొత్త లవం పాత హారమే, కొత్త హారం ఏమో లవం, హారం కూడి అందులోంచి శేషాన్ని రెండుసార్లు తీసేస్తే వచ్చేది. 5/3కి శేషం 2, కాబట్టి 8 లోంచి 4 పోతే 4, తర్వాతది 3/4. చెత్త రావడానికి కారణం దశాంశాలు, 1/3ని 0.333 అని దాచుకుంటే తప్పు పేరుకుపోతుంది. రెండు పూర్ణాంకాలుగానే ఉంచండి, పైథాన్ అయితే ఫ్రాక్షన్ వాడండి.

సమస్య: ప్రోగ్రామ్ రాత్రంతా నడిపినా 1/100 రాలేదు
రాదు. ఈ చెట్టులో దాని నంబర్ 2 పవర్ 99, ముప్పై అంకెల సంఖ్య. ఐమూల లిస్టులో అయితే డూప్లికేట్లు తియ్యకపోయినా 4951వ చోటే కనిపిస్తుంది. అందుకే చిన్న భిన్నాలన్నీ త్వరగా కావాలంటే ఐమూల, నంబర్ నేరుగా తెలియాలంటే చెట్టు.

నెగటివ్‌లు కూడా కావాలంటే ముందు 0 పెట్టి, ప్రతి సంఖ్య వెనకాలే దాని మైనస్‌ని నిలబెట్టండి, అయిపోయింది.